టికెట్ పోరులో ధరల మాట

మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికి నిద్ర పట్టదు. అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ ఇచ్చేది ఓటర్లే. రాష్ట్రాలు వేర్వేరు తేదీల్లో, ఎన్నికల ఏడాది మొదటి ఆరు నెలల పాటు జరుపుకునే ఈ లోపలి ఎన్నికే ప్రైమరీ. పోటీదారులంతా ఒకే పార్టీ వాళ్లు కాబట్టి జెండా చూసి ఓటేసే వీలుండదు. పార్టీ కొమ్ము కాసే వ్యాఖ్యాతకూ ఇదే చిక్కు. తప్పంతా అవతలి పార్టీ మీదకు నెట్టి చేతులు దులుపుకోలేడు. ధరలు ఎందుకు మండుతున్నాయి, కొలువులు ఎందుకు పోతున్నాయి అని సొంతవాళ్లే నిలదీస్తారు. ఈ పోటీల చరిత్ర చదువుతుంటే నాకు పదేపదే తారసపడేది ఒకటే: గెలిచినవారి కన్నా ఓడినవారి ఆర్థిక వాదానికే చాలాసార్లు ఆయుష్షు ఎక్కువ.

1912తో మొదలుపెట్టాలి. రిపబ్లికన్ అధ్యక్షుడు విలియం టాఫ్ట్ మీదకు ఆయన్ను గద్దెనెక్కించిన థియొడోర్ రూజ్వెల్టే తిరగబడ్డాడు. వాదమంతా దిగుమతి సుంకాలు, గుత్తాధిపత్య కంపెనీల చుట్టూ నడిచింది. 1909 నాటి సుంకాల చట్టం ధరలు తగ్గిస్తుందని నమ్మిన మధ్య పశ్చిమ రైతులు అప్పటికే మండిపడుతున్నారు. పత్రికాధిపతి ఫ్రాంక్ మన్సీ తన డబ్బునూ పత్రికలనూ రూజ్వెల్ట్ కోసం ఒడ్డాడు. అప్పటి పత్రికల్లో వార్తకూ వకాల్తాకూ మధ్య గోడ పల్చన. ప్రైమరీలు జరిగిన రాష్ట్రాల్లో తొమ్మిదింటిని రూజ్వెల్ట్ గెలిచాడు, టాఫ్ట్ సొంత రాష్ట్రం ఒహాయోతో సహా. అయినా షికాగో మహాసభలో టికెట్ టాఫ్ట్‌కే దక్కింది. ఆ సభలో ఓటేసే ప్రతినిధుల్లో ఎక్కువ మందిని ఎంపిక చేసింది ఓటర్లు కాదు, పార్టీ పెద్దలు. వివాదంలో ఉన్న 254 స్థానాల్లో 235 టాఫ్ట్ వర్గానికి కట్టబెట్టారు. రూజ్వెల్ట్ వేరు కుంపటి పెట్టాడు, ఓట్లు చీలాయి, డెమొక్రాట్ వుడ్రో విల్సన్ అధ్యక్షుడయ్యాడు.

ఆ వేరు కుంపటి ప్రణాళిక తెరిచి చూడండి. వృద్ధాప్యానికీ నిరుద్యోగానికీ సామాజిక బీమా, పనిచేసే స్త్రీలకు కనీస వేతనం, ఆదాయపు పన్నుకు మద్దతు అన్నీ అందులో ఉన్నాయి. 1935లో సామాజిక భద్రత చట్టం, 1938లో జాతీయ కనీస వేతన చట్టం తెచ్చింది మరో రూజ్వెల్ట్, అదీ డెమొక్రాటిక్ పార్టీ నుంచి. షికాగోలో ఓడిపోయిన వాదం పాతికేళ్లలో దేశ చట్టమైంది.

1912 తర్వాత యాభై ఏళ్లకు పైగా ప్రైమరీలు బలప్రదర్శనగానే మిగిలాయి. 1968లో ఒక్క ప్రైమరీలోనూ నిలబడని హ్యూబర్ట్ హంఫ్రీకి డెమొక్రాట్లు టికెట్ ఇచ్చారు. దాని మీద రేగిన ఆగ్రహంలోంచే నియమాలు మారాయి, 1972 నుంచి ఓటరు మాట చెల్లుబాటైంది. ఏడాది తిరిగేసరికి చమురు ధరలు భగ్గుమన్నాయి. ఓటరు చేతికి అధికారం, ఓటరు జేబుకు చిల్లు దాదాపు ఒకేసారి వచ్చాయి.

1976లో రిపబ్లికన్ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్‌కు సొంత పార్టీలోనే రోనాల్డ్ రీగన్ ఎదురు నిలిచాడు. 1975 మే నాటికి నిరుద్యోగం 9 శాతం. కేంద్రం నడిపే సంక్షేమ పథకాలను రాష్ట్రాలకు అప్పగించి 9,000 కోట్ల డాలర్లు ఆదా చేయొచ్చని రీగన్ షికాగోలో చెప్పాడు. ఫోర్డ్ మనుషులు ఆ అంకెను పట్టుకుని న్యూహాంప్‌షైర్‌కు వెళ్లారు. జీతాల మీద పన్ను గానీ అమ్మకం పన్ను గానీ లేని రాష్ట్రమది. ఆ భారం మీ నెత్తిన పడితే ఏ పన్నుతో కడతారని అడిగారు. న్యాయమైన ప్రశ్న. రీగన్ దగ్గర దానికి సూటి జవాబు లేదు. మాంచెస్టర్ పట్టణపు 'యూనియన్ లీడర్' యజమాని విలియం లోబ్ మొదటి పేజీ సంపాదకీయాల్లో ఫోర్డ్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. అయినా అక్కడ ఫోర్డ్ 1,600 కన్నా తక్కువ ఓట్ల తేడాతో గట్టెక్కాడు. ఆగస్టులో కాన్సస్ సిటీ మహాసభలో 1,187 ఓట్లకు 1,070తో రీగన్ ఓడాడు. నాలుగేళ్ల తర్వాత అవే మాటలతో అధ్యక్షుడయ్యాడు. ఆ 1980 ప్రైమరీలో రీగన్ పన్నుల లెక్కను మంత్రాల ఆర్థికశాస్త్రమని కొట్టిపారేసిన జార్జి బుష్, కొద్ది నెలల్లోనే ఆయన కింద ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాడు.

అదే ఏడాది డెమొక్రాట్ల ఇంట్లో జరిగిన పోరు నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. 1979లో ధరలు 13 శాతం పెరిగాయి, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్‌కు పాల్ వోల్కర్‌ను తెచ్చాడు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి ఆయన వడ్డీలను పైకి వదిలేశాడు. 1980 ఏప్రిల్‌లో బ్యాంకుల ప్రధాన వడ్డీ రేటు 20 శాతం. ఇల్లు కొనేవాడికీ కారు కొనేవాడికీ అప్పు పుట్టడమే గగనమైంది, ఆ దెబ్బ కార్ఖానాల కార్మికుల మీద పడింది. కార్మికులకు అండగా నిలుస్తామని చెప్పుకునే పార్టీ ఇలా చేయవచ్చునా? టికెట్ కోసం కార్టర్‌కు ఎదురు నిలిచిన ఎడ్వర్డ్ కెనడీ వేసిన ప్రశ్న ఇదే. అయితే మొదట్లో ఆయనకే దాన్ని సూటిగా అడగడం చేతకాలేదు. అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారని టీవీ విలేకరి రోజర్ మడ్ అడిగితే తడబడ్డాడు. అది ప్రసారమైన రోజే టెహరాన్ రాయబార కార్యాలయంలో అమెరికన్లు బందీలయ్యారు, దేశం అధ్యక్షుడి వెనక నిలబడింది. అయోవాలో కార్టర్‌కు 59, కెనడీకి 31 శాతం వచ్చాయి. వ్యాఖ్యాతలు కెనడీ కథ ముగిసిందని రాసేశారు.

కెనడీ ఆ తర్వాతే గొంతు సవరించుకున్నాడు. జనవరి 28న జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జీతాలకూ ధరలకూ కళ్లెం, పెట్రోలుకు రేషన్ కావాలన్నాడు. మార్చి 25న న్యూయార్క్ గెలిచాడు. అందులో ధరల కోపమే కాదు, ఐక్యరాజ్యసమితిలో ఇజ్రాయెల్ ఆవాసాలకు వ్యతిరేకంగా అమెరికా వేసిన ఓటు మీద యూదుల అసంతృప్తీ కలిసింది. గెలుపును ఒకే కారణానికి కట్టేసే వ్యాఖ్యానాన్ని నేను నమ్మను. జూన్‌లో కాలిఫోర్నియా, న్యూజెర్సీ కూడా కెనడీవే. ప్రతినిధుల లెక్క మాత్రం కార్టర్ వైపే ఉండిపోయింది. మహాసభలో కెనడీ సాధించింది ఉపాధి కోసం 1,200 కోట్ల డాలర్లు ఖర్చు చేయాలన్న ప్రణాళికా వాక్యం. నవంబరులో కార్టర్ ఆరు రాష్ట్రాలకు పరిమితమయ్యాడు. ఇక్కడ నేను చెప్పిన సూత్రం పనిచేయలేదు. ధరల కళ్లెం మళ్లీ ఏ పెద్ద పార్టీ కేంద్ర నినాదమూ కాలేదు. పనిచేసింది వోల్కర్ మందే, దాని ధర కట్టింది మాత్రం పని పోగొట్టుకున్న కుటుంబాలు. ఆ కుటుంబాల గురించి మాట్లాడినందుకే నాకు కెనడీ అంటే గౌరవం.

1992 నాటికి వ్యాఖ్యాతే అభ్యర్థయ్యాడు. పాట్రిక్ బుకానన్ నిక్సన్‌కు ప్రసంగాలు రాసినవాడు, టీవీ చర్చల్లో ఆరితేరినవాడు. పన్నులు పెంచనని మాటిచ్చి 1990లో పెంచిన అధ్యక్షుడు బుష్ మీద ఆయన దండెత్తాడు. 1991 అక్టోబరులో న్యూహాంప్‌షైర్ పెద్ద బ్యాంకులు కొన్ని ఒకేసారి కూలాయి, ఇళ్ల ధరలు పడిపోయాయి. మాంద్యం 1991 మార్చిలోనే ముగిసిందని ఆర్థికవేత్తలు తేల్చారు, కానీ ఆ ప్రకటన వచ్చింది 1992 డిసెంబరులో, ఎన్నికలు అయిపోయాక. నిజానికి నిరుద్యోగం 1992 జూన్ దాకా పెరుగుతూనే ఉంది, 7.8 శాతానికి చేరింది. అంకెల్లో ముగిసిన మాంద్యం ఇళ్లలో ముగియలేదు. 'యూనియన్ లీడర్' బుకానన్‌ను బలపరిచింది, రేడియోలో రష్ లింబా ఆయన పక్షం మాట్లాడాడు. ఆ రాష్ట్ర ప్రైమరీలో బుష్‌కు 53, బుకానన్‌కు 37 శాతం. ఆ ఏడాది ఒక్క రాష్ట్రమూ బుకానన్ గెలవలేదు. అయినా విదేశీ సరుకు, వలసలు, వాణిజ్య ఒప్పందాల మీద ఆయన లేవనెత్తిన వాదమే 2016లో డొనాల్డ్ ట్రంప్ నోట వినిపించి పార్టీని సొంతం చేసుకుంది.

2008 డెమొక్రాటిక్ పోరులో వ్యాఖ్యాతల వైఫల్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మాంద్యం 2007 డిసెంబరులోనే మొదలైంది, ఆ సంగతి లాంఛనంగా తేలింది ఏడాది తర్వాత. 2008 మార్చి మధ్యలో బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడి బ్యాంకు కూలింది. అదే నెలలో హిల్లరీ క్లింటన్ ఇళ్ల జప్తుల మీద, బరాక్ ఒబామా ఆర్థిక సంస్థల అదుపు మీద గట్టి ప్రసంగాలు చేశారు. చాలామంది వ్యాఖ్యాతలు వాటిని దాటేసి ఒబామా చర్చి పాస్టరు మాటలూ ప్రచారంలో జారిన మాటలూ పట్టుకు వేలాడారు. ఏప్రిల్‌లో పెట్రోలు పన్ను గోల మొదలైంది. గ్యాలన్‌కు 18.4 సెంట్ల కేంద్ర పన్నును వేసవికి ఆపేద్దామన్నారు క్లింటన్, రిపబ్లికన్ జాన్ మెకెయిన్. ఆ లాభం చమురు కంపెనీలకే పోతుందని ఒబామా వాదించాడు. ఇలినాయ్ శాసనసభలో అలాంటి పన్ను విరామానికి తానే ఓటేసి, ఫలితం చూశానన్నాడు. రెండు వందల మందికి పైగా ఆర్థికవేత్తలు వ్యతిరేకిస్తూ సంతకాలు చేస్తే, తాను ఆర్థికవేత్తల పక్షం చేరనని క్లింటన్ టీవీలో అన్నారు. మే 6న ఇండియానాలో ఆమె స్వల్పంగా నెగ్గారు, నార్త్ కరోలినాలో ఒబామా భారీగా నెగ్గాడు. ఈలోగా లింబా డెమొక్రాట్ల పోరు సాగదీయడానికి క్లింటన్‌కు ఓటేయమని రిపబ్లికన్లకే పిలుపునిచ్చాడు.

ఆరోగ్య బీమా మీద జరిగిన వాదం వీటన్నిటికన్నా విలువైనది. ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవాలన్న నిబంధన క్లింటన్ పథకంలో ఉంది, ఒబామా పథకంలో పెద్దలకు లేదు. ఆరోగ్యవంతులు బయట ఉండిపోతే రోగుల ఖర్చు మోయలేమని ఆర్థికవేత్త పాల్ క్రుగ్మన్ తన శీర్షికలో పట్టుబట్టి రాశాడు. 2010లో ఒబామా సంతకం చేసిన చట్టంలో ఆ నిబంధన చేరింది. ఓడిన క్లింటన్ వాదమే చట్టమైంది.

2016 డెమొక్రాటిక్ పోరులో బెర్నీ శాండర్స్ మిషిగన్ గెలిచి, గంటకు 15 డాలర్ల వేతనాన్ని పార్టీ ప్రణాళికలోకి నెట్టాడు. ఆ ఏడాది రిపబ్లికన్ చర్చలను మన తెలుగు ఇళ్లలోనూ ఊపిరి బిగపట్టి చూశారు. మార్చి 3న హెచ్1బీ వీసాల మీద మెత్తబడుతున్నానన్న ట్రంప్, అదే రాత్రి ప్రకటనతో మాట మార్చి కఠినంగా మాట్లాడాడు.

ఇక 2024. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, తర్వాత వేగం తగ్గింది గానీ పెరిగిన సరుకుల ధరలు వెనక్కి రాలేదు. మిన్నెసోటా ప్రతినిధి డీన్ ఫిలిప్స్ అధ్యక్షుడు జో బైడెన్ మీద పోటీకి దిగినా డెమొక్రాటిక్ పార్టీ దాన్ని పోటీగా లెక్కించలేదు. ఆర్థిక వ్యవస్థ బాగుందని, జనానికే అర్థం కావడం లేదని ఆ పక్షపు వ్యాఖ్యాతలు చాలామంది రాశారు. జులై 21న జో బైడెన్ తప్పుకున్నాడు, ప్రైమరీ ఓటు ఎదుర్కోకుండానే కమలా హారిస్ అభ్యర్థి అయ్యారు. 1980లో కెనడీ కార్టర్‌ను గాయపరిచాడన్న పాత భయమే ఈ మౌనానికి కారణమని నా అభిప్రాయం. గుడ్ల ధర గురించీ ఇంటి అద్దె గురించీ జనవరిలో సొంత పార్టీ ఓటర్ల ముందు జరగాల్సిన వాదం జరగలేదు. అదే వాదాన్ని నవంబరులో ట్రంప్ చేశాడు.