ఉక్కు నగరంలో పాఠ్యప్రణాళిక

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా, నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారం చరిత్ర అనేక గ్రంథాలకు ఎక్కింది. దానితో పాటు వెలసిన పాఠశాలల చరిత్రకు అంతటి ఆదరణ లభించలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించగోరే వారికి మాత్రం ఆ రెండవ చరిత్రే ఎక్కువ ఉపయోగకరం.

భిలాయికి బతుకుతెరువు కోసం వచ్చినవారు ఒక ప్రాంతం వారు కారు. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, బీహారీలతో పాటు తెలుగువారూ గణనీయంగా చేరారు. విజయనగరం-రాయ్‌పూర్ రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని అప్పటికే దగ్గర చేసింది. నగరాన్ని సెక్టార్లుగా విభజించి, ఉద్యోగి హోదాను బట్టి క్వార్టర్లు కేటాయించారు. ఇరుగుపొరుగున ఎవరు ఉండాలో నిర్ణయించినది భాష కాదు, జీతపు తరగతి. జాతీయ సమైక్యతకు ఇది మేలు చేసిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. అయితే బడిలోని పిల్లవాడికి ఏమి జరిగిందన్నది వేరే విచారణ.

అమెరికన్ విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో ప్రకటించిన చిన్న గ్రంథం పాఠ్యప్రణాళికా నిర్మాణానికి నాలుగు ప్రశ్నలను ప్రాతిపదికగా నిలిపింది. పాఠశాల సాధించవలసిన లక్ష్యాలేవి? వాటికి తోడ్పడే అభ్యసన అనుభవాలేవి? ఆ అనుభవాలను ఏ క్రమంలో కూర్చాలి? లక్ష్యం నెరవేరినదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలి? శిక్షణ కళాశాలల్లో ఛాత్రోపాధ్యాయులు వీటిని సాధారణంగా పరీక్షకోసం కంఠస్థం చేస్తారు. అప్పుడు తరచుగా మరుగున పడేది టైలర్ చెప్పిన మరొక సంగతి. లక్ష్యాలను మూడు చోట్ల వెతకాలని ఆయన అన్నాడు: అభ్యాసకుని అవసరాలు, బడి వెలుపలి సమకాలిక జీవితం, విషయ నిపుణుల సూచనలు. 1962లో హిల్డా టాబా ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రణాళికా రచన పైనుండి కాక ఉపాధ్యాయుని నుండి, విద్యార్థుల అవసరాలను గుర్తించడంతో ఆరంభం కావాలని వాదించింది.

భిలాయి తరగతి గదిలో ఆ మొదటి ఆధారాన్ని వెతికితే భాష ఎదురవుతుంది. టైలర్ గ్రంథం వెలువడిన 1949లోనే ఇక్కడ రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. ప్రాథమిక పాఠశాలలో ఒక మాతృభాష గల పిల్లలు మొత్తం నలభైమంది, లేదా ఒక తరగతిలో పదిమంది ఉంటే ఆ భాషలో బోధించేందుకు ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక బోధనకు బలం చేకూర్చింది. నిబంధన చక్కనిదే. కాని ఒకే భాష వారు ఒకేచోట నివసిస్తారని అది మౌనంగా ఊహించింది. హోదాను బట్టి ఇళ్ళు పంచిన నగరంలో తెలుగు పిల్లలు నలభైమంది ఒకే బడిలో చేరడం యాదృచ్ఛికం. నగరమంతటా వేలమంది తెలుగువారు ఉన్నా, ఏ ఒక్క బడి లెక్కలోనూ ఆ సంఖ్య పూర్తి కాకపోవచ్చును. ఇంటి కేటాయింపు పద్ధతి పాఠ్యప్రణాళికను ఇంతగా ప్రభావితం చేయగలదని సిద్ధాంత గ్రంథాలు సాధారణంగా చెప్పవు.

స్థానికుల పరిస్థితి ఇంతకంటె భిన్నమేమీ కాదు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే పల్లె బాలుడికి పాఠ్యపుస్తకపు హిందీ సైతం నేర్చుకోవలసిన భాషే. భిలాయికి సమీపంలోని గనియారి గ్రామంలో 1956లో జన్మించిన తీజన్ బాయి బాల్యంలో బడికి నోచుకోలేదు. మహాభారత గాథను తంబూర చేతబట్టి, నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక శైలి పాండవాని నాడు పురుషులకే పరిమితం. ఆమె ఆ ఆచారాన్ని అతిక్రమించింది. తరువాత ఉక్కు కర్మాగారంలో ఉద్యోగిని అయింది. 2019లో పద్మవిభూషణ్ పురస్కారం ఆమెను వరించింది. బుర్రకథ విని పెరిగిన తెలుగు కుటుంబాలకు ఆ తంబూర కొత్తది కాదు. సెక్టార్ బడిలో ఒక తెలుగు పిల్లవాడూ ఒక ఛత్తీస్‌గఢీ పిల్లవాడూ కలిసి చదువుకోదగిన పాఠం ఇంత దగ్గరలో ఉన్నది. టైలర్ చెప్పిన బడి వెలుపలి జీవితం అంటే ఇటువంటిదే.

అదే నగరం ఐఐటీ ప్రవేశ పరీక్షల్లో విజయాలకు దేశమంతటా పేరు పొందింది. 2016లో ఐఐటీ సంస్థే ఆరంభమైంది. ఈ కీర్తి ఎందరో కార్మికుల బిడ్డలకు మేలు చేసింది. తక్కువ చేసి మాట్లాడడం తగదు. కాని ఇక్కడ టైలర్ నాలుగవ ప్రశ్న మొదటి ప్రశ్న స్థానాన్ని ఆక్రమించింది. పరీక్షలో రానిది బోధనలో నిలవదు.

వేరే దారి లేదా అంటే, 2000 నవంబరు వరకు ఇదే రాష్ట్రంలో భాగమైన హోషంగాబాద్ జిల్లాలో ఉండేది. 1972లో కిశోర్ భారతి, రసూలియా మిత్రమండలి కేంద్రం కలిసి పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగ పూర్వక విజ్ఞాన బోధనను ప్రారంభించాయి. 1978 నాటికి అది జిల్లా అంతటికీ వ్యాపించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని ముందుకు తీసుకుపోయింది. పిల్లలు పుస్తకం చూస్తూ పరీక్ష రాసేవారు. ఉపాధ్యాయులు నెలవారీ సమావేశాల్లో తరగతి అనుభవాలను చర్చించగా, ఆ చర్చల ఆధారంగా పాఠాలను సవరించేవారు. టాబా కోరినది ఇక్కడ కొంత నెరవేరింది. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది.

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చదువును బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టమన్నది. 2014 నిబంధనలు బి.ఎడ్. కాలాన్ని రెండేళ్ళకు పెంచి, జ్ఞానము-పాఠ్యప్రణాళిక అనే అంశాన్ని చేర్చి, ఇరవై వారాల పాఠశాలానుభవాన్ని విధించాయి. భిలాయిలో ఆ వారాలు గడిపే ఛాత్రోపాధ్యాయుని చేతికి అందేది ముందే ఖరారైన పుస్తకం, కాలపట్టిక. హాజరుపట్టీలో పిల్లల పేర్లుంటాయి. వారి ఇంట ఏ భాష మాట్లాడతారో మాత్రం అతడే అడిగి రాసుకోవాలి.