తొప్పూరు కనుమలో రెండో గేరు

ధర్మపురికి వాయవ్యాన ఉన్న మా పాపారపట్టి పేరు చెబితే తమిళులకు వెంటనే సుబ్రమణ్య శివ గుర్తుకు వస్తారు. వ.ఉ.చిదంబరం పిళ్ళైతోపాటు 1908లో జైలుకు వెళ్ళి, కుష్ఠురోగంతో బయటికి వచ్చిన దేశభక్తుడాయన. ఆ రోగం పేరు చెప్పి తెల్లదొరలు ఆయనను రైలెక్కనివ్వలేదు. కాలినడకన, ఎద్దుబండ్లలో ఊళ్ళు తిరిగారు. భారతమాతకు గుడి కట్టాలన్నది ఆయన కోరిక. 1923లో చిత్తరంజన్ దాస్ ఇక్కడికి వచ్చి దానికి పునాదిరాయి వేశారు. 1925 జూలై 23న శివగారు మా ఊరిలోనే కన్నుమూశారు.

ఆయన సమాధికి పోయే దారిలోనే 1986లో నేను కారు నేర్చుకున్నాను. నేర్పింది మా మేనమామ, లారీ డ్రైవరు. బండి ఎవరిదో పాత అంబాసిడర్. గేరు కడ్డీ కింద కాక స్టీరింగు పక్కన ఉండేది. మొదటిరోజు మామ తాళం తన జేబులోనే పెట్టుకున్నాడు. ఆగిన బండిలో కూర్చోబెట్టి క్లచ్చి తొక్కించాడు, గేరు మార్పించాడు, అంతే. రెండోరోజు ఇంజను వేస్తే బండి గంతేసి ఆగిపోయింది. "అట్లగాదురా అల్లుడా, కాలు నిదానంగా ఎత్తు" అన్నాడు. పదోసారికి మాత్రం నిదానం ఆయనలోనూ లేదు. క్లచ్చి, గేరు, బ్రేకు అన్నీ ఇంగ్లీషు మాటలే. తిట్లు మాత్రం అచ్చ తెలుగు.

గేరెందుకని అడిగితే ఎద్దుబండిని చూపించాడు. మిట్ట వస్తే బండివాడు దిగి భుజం పెడతాడు. ఇంజనుకు అట్లా భుజం పెట్టేవాడు లేడు. మెల్లగా తిరిగితే దానికి బలం చాలదు. కనుక ఇంజను వడిగా తిరుగుతూ చక్రం మెల్లగా తిరిగేటట్టు మధ్యలో పళ్ళచక్రాలు పెట్టారు. 1890ల దశకంలో ఫ్రాన్సులో పన్హార్-లెవసార్ కంపెనీ కార్లలో ఈ పద్ధతి స్థిరపడింది. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళను ఒకదానిలో ఒకటి దూర్చాలి, అదే కష్టం. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు ఆ వేగాలను తానే కలిపే ఏర్పాటు వచ్చింది. మామ నేర్చుకున్న పాత లారీకి ఆ సుఖం లేదు. క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఒకసారి ఎక్స్‌లరేటరు అదిమి, మళ్ళీ క్లచ్చి తొక్కి కింది గేరు వేయాలి. ఇదంతా రెండు క్షణాలలో, చెవితో వింటూ. తప్పితే గేరుపెట్టె కీచుమంటుంది, పక్కనున్న ఉస్తాదు చెయ్యి వీపుమీద పడుతుంది.

ధర్మపురి నుంచి సేలం పోయేవారికి తొప్పూరు కనుమ తెలియనిది కాదు. అక్కడ దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని కొందరు లారీని న్యూట్రల్‌లో వదులుతారు. ఇంజను పట్టు వదిలిన బండిని బ్రేకొక్కటే ఆపాలి. ఆపి ఆపి అది కాగుతుంది, కాగిన బ్రేకు పట్టదు. సరకుతో నిండిన లారీ ముందున్న బండ్లమీద పడుతుంది. అక్కడ ఇట్లా పోయిన ప్రాణాలెన్నో. మామతో క్లీనరుగా తొలిసారి లారీ ఎక్కిన ఒక స్నేహితుడు కూడా అక్కడే పోయాడు. ఆ సంగతి మామ నోట నేను ఒక్కసారే విన్నాను.

లైసెన్సు వచ్చిన నెలకు నన్ను ఆ కనుమలో దింపించాడు. పైనే ఆపించి, "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల" అన్నాడు. రెండో గేరు వేశాను. ఇంజను మూలుగుతూ బండిని పట్టుకుంది. వెనక లారీవాళ్ళు హారన్లు మోగించారు, ఒకడు తమిళంలో ఏదో అరిచి దాటిపోయాడు. కొంతదూరం పోయాక మలుపులో అదే లారీ రోడ్డు పక్కన ఆగి ఉంది. చక్రాల దగ్గర పొగ, మాడు వాసన. డ్రైవరు కిందికి దిగి రాయిమీద కూర్చుని ఉన్నాడు. మామ బండి ఆపమన్నాడు. నీళ్ళసీసా తీసుకుని దిగి, అతని పక్కన కూర్చున్నాడు.