గడీల కుమైతు గుర్రం

ఇంకో రెండు కట్టెలు మంటల్లకు ఎగదోసి ఇట్ల దగ్గరికి జరుగుండ్రి. మొన్న బరాత్‌ల పెండ్లికొడుకు ఎక్కిన గుర్రం నడిబజార్ల నిలబడిపోయిందని, ఎవడో ఎనుకనుంచి కట్టెతోటి కొట్టిండని చెప్పుకుంట నవ్వుతున్నరు గద. ముందట పటాకలు, పక్కన బ్యాండు, కండ్లల్ల లైట్లు. అది ఎటు కదుల్తది బిడ్డా? మా నాయిన ఉంటె ఆ కట్టె గుంజుకుంటుండె.

నాయిన మా ఊరి గడీల సాయీసు. తెల్లారకముందే పోయి లద్దె ఎత్తుడు, ఖరారాతోటి ఒళ్లు రుద్దుడు, ఒక్కొక్క కాలెత్తి డెక్కలల్ల ఇరికిన మట్టి, రాళ్లు గీకుడు, రాత్రి నానేసిన ఉలవలు పెట్టుడు. గుర్రానికి పెట్టే ఆ ఉలవలు మా ఇంట్ల పండుగనాడు గూడ ఉండేటివి కావు, ఆ సంగతి గూడ మీకు తెల్వాలె. జీతమంటె ఏడాదికి ఇన్ని జొన్నలు. అయినా గుర్రం ముచ్చట వస్తె మాత్రం నాయిన దొర ముందట గూడ మాట మింగేటోడు కాదు.

ఒకేడు దొర మాలెగాం జాతర నుంచి కొత్త గుర్రం తెప్పిచ్చిండు. మాలెగాం నాందేడు దిక్కు, ఖండోబా దేవుని జాతర, చలికాలంల అయితది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అమ్మనీకి ఎక్కడెక్కడి బేరగాండ్లో వస్తరు. అప్పుడు నాందేడు గూడ నిజాం రాజ్యమే, 1956ల గద బొంబాయి రాష్ట్రంల కలిపింది. వచ్చిన గుర్రం కుమైతు. ఒళ్లు ముదురెరుపు, జూలు, తోక, కాళ్లు నలుపు. చేత్తోని పట్టుకొని నడిపిస్తె మంచిగ నడిచేది. దొర ఎక్కంగనే నాలుగు కాళ్లు పాతుకొని నిలబడేది. చెర్నాకోల తీస్తె ఎనుకకు జరిగేది. ఇంకా కొడితె ముంగాళ్లు లేపేది. "మొండిదాన్ని అంటగట్టిండ్రు" అని గడీల అందరు అనవట్టిరి.

నాయిన కొన్నొద్దులు గడువడిగిండు.

ముందుగాల చేత్తోని పట్టి రాళ్ల మీద, మెత్తటి నేల మీద నడిపిచ్చి చూసిండు. ముంగాలు నొస్తె గుర్రం ఆ కాలు మోపినప్పుడల్ల తల ఎగరేస్తది. ఇది ఎగరేస్తలేదు. నోట్లె ఏలు పెట్టి పండ్లు తడిమిండు. గుర్రం పండ్లు ఏండ్లకేండ్లు పైకి వస్తనే ఉంటయి. నమిలి నమిలి అంచులు పదునెక్కితె బుగ్గ కోసుకపోతది, ఇగ కళ్లెం గుంజితె తట్టుకోలేదు. అదీ లేదు. అప్పుడు జీను తెచ్చి మీదేసిండు. ఏయంగనే చెవులు ఎనుకకు పడ్డయి. పొట్ట కింద పట్టీ బిగిచ్చెవరకు మెడ తిప్పి కరువ వచ్చింది. "ఆఁ, ఈడున్నది" అన్నడు నాయిన.

నన్ను పిలిచి చూపిచ్చిండు. జూలు అయిపోయే కాడ, మూపు మీద, ఎర్రటి ఎంటికలల్ల అణా బిళ్లంత తెల్ల మచ్చ. పుట్టుమచ్చ కాదది. జీను ఒరిసి పుండైన కాడ, పుండు మానినంక ఎంటికలు తెల్లగ మొలుస్తయి. దాని పక్కన రెండేళ్లు పెట్టి మెల్లగ ఒత్తిండు. తోలు గజగజ వణికింది, నడుము కిందికి కుంగింది. సంగతేందంటె, గడీల జీను అంతకుముందున్న ఎడల్పాటి ఈపు గుర్రానిది. ఈ సన్న ఈపు మీద అది కిందికి దిగి మూపు ఎముక మీదనే కూసుంటున్నది. ఆపైన దొర బరువు!

మోచీని పిలిపిచ్చి జీను విప్పించి ఊలు కొత్తగ నింపిచ్చిండు. ఒత్తితె వణుకు పోయేదాక గుర్రం మీద జీను ఎయ్యనియ్యలె.

అయినా సగమే మారింది. మనిషి ఎక్కుతె నొప్పని దాని మతిల పడిపోయింది గద. దానికి తోడు దొర సవారీ. మడమలతోటి డొక్కల్ల పొడిచేటోడు, భయానికి పగ్గం గట్టిగ గుంజి పట్టేటోడు. కాలు పొమ్మంటది, చెయ్యి ఆగుమంటది. ఏ మాట వినాలె అది? "ఈగ వాలితెనే తోలు ఆడిచ్చి ఎల్లగొడ్తది దొరా, మీ కాలు తగిల్తె దానికి తెల్వదా?" అన్నడు నాయిన.

నేను అప్పుడు బక్కపోరన్ని, బరువుండదని నన్ను ఎక్కిచ్చిండు. "పగ్గం వదులు చెయ్యి. పిక్కలతోటి మెల్లగ ఒత్తు. కదలకుంటె తన్నకు, ఒక దిక్కు పగ్గం పక్కకు తెరిచి తల తిప్పు" అన్నడు. ముందుకు రానన్న గుర్రమైనా మెడ పక్కకు తిరిగితె బరువు మారి ఒక కాలు తియ్యవలసే వస్తది. ఆ అడుగు పడంగనే పిక్కలు వదలాలె, మెడ నిమరాలె. అడుగేసినంక గూడ ఒత్తుకుంటనే ఉంటె, కదిలినా కదలకున్నా ఒక్కటే అనుకొని అది మన కాలును పట్టిచ్చుకునుడే మానేస్తది. ఒత్తుడు సరిపోకుంటె చెర్నాకోల కొస మన కాలి ఎనుక ఒక్కపారి తాకియ్యాలె, మళ్ల మళ్ల కాదు. మొదటి అడుగేసినప్పుడు నా తొడల కింద దాని పక్కలు ఉబ్బినయి, బుస్సున గాలి వదిలింది, ఒక చెవి నా దిక్కు తిరిగింది. నాకు ఇప్పటికీ ఒంటి మీదున్నది ఆ కదలిక.

వాగు కాడ మళ్ల ఆగింది. మిట్టమధ్యానం, నీళ్లు తళతళ మెరుస్తున్నయి. గుర్రం కండ్లు తలకు పక్కలకుంటయి. చుట్టుముట్టు చూస్తది గని సరిగ నొసటి ముందట, మూతి కింద ఉన్నది దానికి కనపడదు. తల పైకి గుంజి పట్టుకుంటె ఎంత లోతుల కాలేస్తున్నదో ఎట్ల తెలుస్తది? పగ్గం వదిలితె తల వంచి నీళ్లు వాసన చూసింది. నాయిన గడీల ముసలి ఆడగుర్రాన్ని ముందు దింపిండు. మంద పట్టుకొని బతికే జాతి గద, ఇది దాని ఎనుకనే దిగి అవతలికి పోయింది.

నిలబడ్డప్పుడల్ల కదిలియ్యాలనుకునుడు గూడ తప్పే. ఒకపారి దసరాకు గుర్రాలు పనిలేక శాలల్నే నిలబడ్డయి, ఉలవలు మాత్రం ఎప్పటిలెక్కనే నిండుగ పెట్టిండ్రు. పండుగ ఎల్లినంక నాయిన ఇంకో పని మీద పోయిననాడు వేరే గుర్రాన్ని సవారీకి తీసిండ్రు. ఊరు దాటంగనే పిర్రలు, ఎనుక తొడలు గట్టిపడిపోయినయి. చెమటలు కారుతున్నయి, అడుగు పడ్తలేదు, ఉచ్చ నల్లెర్రగ పోసింది. కొట్టి ఇంటికి తోలుకరావాలని చూస్తుంటె నాయిన ఉరికొచ్చి అడ్డం పడ్డడు. "ఇప్పుడు నడిపిస్తె ఇది సస్తది" అని అక్కడ్నే జీను విప్పి, కంబలి కప్పి, నీళ్లు పెట్టి, రాత్రంత పొలంగట్టు మీద దాని పక్కన ఉన్నడు. పనిలేని నాడు దాణా తగ్గియ్యాలె, మళ్ల పనికి తీసిననాడు మెల్లగ నడిపియ్యాలె. కండలు చెడిపోయే రోగమది. అట్లనే డొక్క దిక్కు మెడ తిప్పి తిప్పి చూసుకుంట, నేల తవ్వుకుంట నిలబడ్డదంటె కడుపునొప్పి. గుర్రానికి కక్కుడు చేతగాదు, తిన్నది లోపల్నే బిగుసుకుంటె పానం మీదికొస్తది. దాని మీద ఎక్కి తోలెటోన్ని ఏమనాలె?

1948ల పోలీసు చర్య అయింది, మరుసటేడు జాగీర్లు రద్దయినయి. కాలం తిరిగింది. మా దొర పట్నం పోయి మోటరు కొన్నడు. గుర్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయినయి. కుమైతు గుర్రం కోసం ఇద్దరొచ్చిండ్రు. ఒకాయన రావడం రావడమే ఎక్కి, మడమలతోటి పొడిచి, ఎంత ఉరుకుతదో చూసిండు, ఎక్కువ పైసలిస్తనన్నడు. ఇంకొకాయన జట్కా తోలెటోడు. ముందుగాల నాలుగు డెక్కలు ఎత్తి చూసి, నోరు తెరిచి చూసి, ఈపు మీద చెయ్యి పెట్టి, ఆ తెల్ల మచ్చ కాడ ఆగి "ఇదెట్లయింది?" అని అడిగిండు. నాయిన దొరను బతిమాలి తక్కువ ధరకు ఆయనకే ఇప్పిచ్చిండు.