కొండ రైళ్ళకు దక్కిన హోదా, మన చిన్న లైన్లకు దక్కనిది



రెండు పట్టాల మధ్య ఉండే దూరాన్ని గేజి అంటారు. మన దేశంలో బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, మీటరుగేజి 1,000 మిల్లీమీటర్లు. న్యారోగేజిలో 762, 610 మిల్లీమీటర్లని రెండు రకాలు. పట్టాల మధ్య దూరం తగ్గినకొద్దీ బండి ఇరుకైన మలుపులు తిరగగలదు. కొండను తక్కువ తొలిస్తే చాలు, ఖర్చూ తక్కువే. అందుకే కొండ దారులకు, రాబడి అంతగా లేని ప్రాంతాలకు ఆనాటి ఇంజనీర్లు చిన్న పట్టాలనే ఎంచుకున్నారు.

అట్లా వేసిన కొండ రైళ్ళలో మూడింటికి యునెస్కోవారు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చారు. మొదటిది డార్జిలింగ్ రైలు, 1999లో. 1881లో పూర్తయిన ఈ లైను 610 మిల్లీమీటర్ల గేజిది. నిటారు చోట్ల బండి కొంత ముందుకు పోయి, ఆగి, వెనక్కి నడుస్తూ ఎక్కి, మళ్ళీ ముందుకు సాగుతుంది. రెండవది నీలగిరి రైలు, 2005లో. 1908లో ఊటీ చేరిన ఈ లైను నిజానికి న్యారోగేజి కాదు, మీటరుగేజి. ఏటవాలు ఎక్కువగా ఉన్న భాగంలో పట్టాల నడుమ పళ్ళున్న మరో పట్టా ఉంటుంది. ఇంజను పళ్ళచక్రం దాన్ని పట్టుకొని పైకి పాకుతుంది. మూడవది కాల్కా–సిమ్లా రైలు, 2008లో. 1903లో మొదలైన ఈ 96 కిలోమీటర్ల లైనుమీద వందకు పైగా సొరంగాలున్నాయి.

ఈ హోదా వయసు చూసి ఇచ్చే పెన్షను కాదు. ఆ నిర్మాణంలో ఇంజనీర్ల ప్రతిభ ఎంత, ఆ రైలువల్ల ఆ ప్రాంత జీవనం ఎట్లా మారింది, పాత రూపు ఎంతవరకు చెడకుండా ఉంది అని చూసి ఇస్తారు. మూడు రైళ్ళూ ఇంకా సర్వీసులో ఉన్నవే.

మన తెలుగు నేలమీద కూడా పేరుపొందిన న్యారోగేజి లైను ఒకటి ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు అక్కడి రాజావారు వేయించిన 762 మిల్లీమీటర్ల లైను 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన పర్లాకిమిడి ఇదే. 1936లో ఆ పట్టణం ఒరిస్సాలో కలిసింది గాని, చిన్న రైలు మాత్రం రెండు రాష్ట్రాల ప్రజలనూ కలుపుతూనే వచ్చింది. 2004లో ఆ రైలు ఆగిపోయింది. 2010, 2011లలో అదే దారిలో బ్రాడ్‌గేజి బండ్లు నడిచాయి.

ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. రోగిని తీసుకొని విశాఖ ఆస్పత్రికి పోయేవారికి, చదువులకు పోయే పిల్లలకు నౌపడాలో బండి మారే అవస్థ తప్పాలి కదా. డార్జిలింగ్‌లో కొండే పట్టాలను వెడల్పు కానివ్వలేదు. మైదానంలో ఆ అడ్డు లేదు, జనం అవసరమే గెలిచింది. అది న్యాయమే.

మన జిల్లా కథ కూడా ఇంచుమించు ఇంతే. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడు పోయే లైను, జానకంపేట నుంచి బోధన్ పోయే శాఖ మీటరుగేజిగా ఉండేవి. మా భీమ్‌గల్ వాళ్ళం రైలెక్కాలంటే బస్సులో నిజామాబాదు పోవలసిందే. సికింద్రాబాదు లైను 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో బ్రాడ్‌గేజి అయింది. 2017లో పెద్దపల్లి లైను పూర్తయ్యాక ఆర్మూరుకూ రైలొచ్చింది. సౌకర్యం పెరిగింది, సంతోషమే. ఇక 1930ల చివరలో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ చిన్న లైనులో తిరిగినవాళ్ళు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఇప్పుడు మన వయసువాళ్ళే.

హోదా వచ్చినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. 2017 ఆందోళనల్లో డార్జిలింగ్ లైనుమీద సోనాడా, గయాబారి స్టేషన్లు తగలబడ్డాయి. హోదా ఉన్నదానికే ఆ గతి పడితే, లేనిదాన్ని ఎవరు కాపాడతారు?

దఫ్తరులో పనిచేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. పాత ఫైలును తీసివేయవచ్చు గాని, రిజిస్టరులో ఎక్కించకుండా తీసివేయరాదు. చిన్న లైన్ల విషయంలో మనం ఆ రిజిస్టరే రాయలేదు. పట్టాలు తీసేశాక వాటిని తిరిగి వేయలేము. ఏ బండి ఎన్ని గంటలకు వచ్చేది, ఏ స్టేషనులో ఎవరు ఎక్కేవారు, చెరుకు పంట కాలంలో బోధన్ లైను ఎట్లా ఉండేది — ఇవి ఇంకా కొందరి నోట ఉన్నాయి. పాత టికెట్టు, పాసు, ప్లాట్‌ఫారం మీద దిగిన ఫోటో ఇంట్లో ఉంటే చిత్తు కాగితాలవానికి వేయకండి. వెనుక తేదీ, ఊరి పేరు రాసి, మనవలకు చూపి, భద్రపరచండి. యునెస్కో ముద్ర పడకపోయినా మన జిల్లాకు అది వారసత్వమే.