సికింద్రాబాదు నుండి వెళ్ళిన ఉత్తరములు

సికింద్రాబాదును ఆనుకొని బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు సమీపమున, ఒక పురాతన భవనమున్నది. 1897లో అది సైనిక వైద్యశాల. ఇప్పుడు అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ రాస్ పరిశోధన సంస్థ. ఆ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రాస్ అక్కడ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో మలేరియా క్రిమి పెరుగుచున్న జాడను కనుగొన్నాడు. ఇది మన శ్రోతలు ఎరిగిన కథే. అయితే ఆ సూక్ష్మదర్శిని ప్రక్కనే మరొక పనిముట్టు ఉండినది. అది ఉత్తరము. దానిని గురించియే మేము నేడు చెప్పదలచినాము.

మలేరియా క్రిమిని 1894లో లండనులో రాసుకు చూపినవాడు పాట్రిక్ మాన్సన్. దోమకు దానితో సంబంధమున్నదని ఊహించినవాడును ఆయనే. 1895లో భారతదేశమునకు తిరిగి వచ్చినది మొదలు రాస్ ఆయనకు ఉత్తరములు వ్రాయుచునే ఉన్నాడు. ఫలితములను మాత్రమే కాదు, విఫల ప్రయత్నములను, సందేహములను కూడ వ్రాసినాడు. దోమ చచ్చిన నీటిని త్రాగుటవలన రోగము సోకునని మాన్సన్ తలచినాడు. అది పొరపాటు. కాని ఆ పొరపాటు ఒకరి మనస్సులోనే దాగియుండక పరీక్షకు వచ్చినది గనుకనే సరియైన దారి దొరికినది.

ఆగస్టులో క్రిమి జాడ కనిపించినది. సెప్టెంబరులోనే రాసుకు రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ వచ్చినది. పని ఆగినది, జ్ఞానము ఆగలేదు. ఆయన వ్యాసము 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, దోమ కాటువలననే క్రిమి వ్యాపించునని రాస్ నిరూపించగా, ఆ వార్తను ఎడింబరో వైద్యుల సభకు వినిపించినవాడు మాన్సన్. 1902లో రాసుకు నోబెల్ బహుమానము లభించినది.

ఇందులో చేదు కూడ ఉన్నది. మనుష్యుల మలేరియాను వ్యాపింపజేయునది అనాఫిలిస్ దోమ యని 1898లో చూపిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీకి, రాసుకు ఘనత విషయమై చిరకాలము కలహము సాగినది. చెప్పినచో ఇతరులు తన్నుకొనిపోవుదురేమో యను భయము కొత్తది కాదు.

నేడు ఉత్తరము వారములకొలది ఓడలో ప్రయాణము చేయనక్కరలేదు. రెండు నగరములలోని పరిశోధకులు ఒకే పత్రమును ఒకేసారి దిద్దుకొనవచ్చును. పరిశోధన గ్రంథములను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నియమము చేసినది. ఒకనాడు ఒక్క గ్రంథాలయపు బీరువాలో మ్రగ్గిన గ్రంథములు, గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు ‘శోధగంగ’లో ఎల్లరకును అందుచున్నవి. మాట ఏ తేదీన ఎవరు చెప్పినారో నమోదగుటచేత, పంచుకొనుటయే ఘనతకు రక్షయగుచున్నది.

అయినను యంత్రము వేగమునే ఈయగలదు. కుదరని ప్రయోగమును గూర్చి నిస్సంకోచముగా వ్రాయు మనస్సును మనమే తెచ్చుకొనవలెను.

ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అను రోగిని. దోమకొక్కంటికి అతనికి ముట్టినది ఒక అణా. రాస్ వ్రాసిపెట్టినాడు గనుకనే ఆ పేరు మనకు మిగిలినది. నేటి మన పత్రములలో సహాయకుల పేర్లకును, రోగుల త్యాగమునకును అంతపాటి చోటైనను ఉన్నదా? బేగంపేట భవనము మనలను అడుగుచున్న ప్రశ్న ఇదియే.