ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య, ఆయుష్ విశ్వవిద్యాలయం: బస్తర్ కళాశాలలు

ఛత్తీస్‌గఢ్‌లో వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఆయుర్వేదం, హోమియోపతి చదివేవాళ్లకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇది. 2008లో రాష్ట్ర చట్టంతో ఏర్పడింది. పూర్తి పేరు పండిత దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్మారక ఆరోగ్య విజ్ఞాన, ఆయుష్ విశ్వవిద్యాలయం. అంత పేరు పలకలేక కాబోలు, జనం ఆయుష్ యూనివర్సిటీ అనే అంటారు. దాంతో ఇదేదో ఆయుర్వేద కళాశాల అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఆరోగ్య చదువులన్నిటినీ మామూలు విశ్వవిద్యాలయాల నుంచి తీసి ఒక్కచోటికి చేర్చే పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం విజయవాడలో పెట్టినది దేశంలోనే మొదటిది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ తన వంతుగా వరంగల్‌లో కాళోజీ పేరుతో ఇంకొకటి పెట్టుకుంది. రాయపూర్‌లో ఉన్న ఈ ఆయుష్ విశ్వవిద్యాలయానిదీ అదే దారి. పాఠాలు చెప్పేది, ఆసుపత్రి నడిపేది అనుబంధ కళాశాలలు. పాఠ్యక్రమం, పరీక్షలు, పట్టాలు విశ్వవిద్యాలయం పని. రాయపూర్‌లోనే ఉన్న ఎయిమ్స్ మాత్రం కేంద్ర సంస్థ, దీని కిందికి రాదు.

ఈ విశ్వవిద్యాలయం పరిధిలోని బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. విస్తీర్ణంలో కేరళకు ఏమాత్రం తీసిపోదు. 2000లో రాష్ట్రం ఏర్పడేనాటికి ఇంత నేలకూ ఒక్క వైద్య కళాశాల లేదు. రాష్ట్రం మొత్తానికీ రాయపూర్‌లో 1963 నాటి కళాశాల ఒక్కటే దిక్కు. డివిజన్ కేంద్రమైన జగదల్‌పూర్ నుంచి అక్కడికి సుమారు 300 కిలోమీటర్లు.

జగదల్‌పూర్ కళాశాల 2006లో, అంటే విశ్వవిద్యాలయం కంటే రెండేళ్లు ముందే మొదలైంది. బైలాడిలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ డబ్బు ఇవ్వడంతో మొదట్లో ఆ సంస్థ పేరుతోనే పిలిచేవారు. ఆ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బస్తర్ ఎంపీ బలీరామ్ కశ్యప్ 2011లో మరణించాక కళాశాలకు ఆయన పేరు పెట్టారు. బోధనాసుపత్రి తొలుత ఊళ్లోని మహారాణి ఆసుపత్రి. తరువాత శివార్లలోని డిమ్రాపాల్‌లో సొంత ప్రాంగణం వచ్చింది. స్థానిక హిందీ పత్రికలు కళాశాలను ‘మెకాజ్’ అని రాస్తాయి. డివిజన్‌లో రెండో ప్రభుత్వ వైద్య కళాశాల కాంకేర్‌లో వచ్చింది. జిల్లా ఆసుపత్రులకు కళాశాలలు జోడించే కేంద్ర పథకం ఫలం అది.

విశ్వవిద్యాలయం పుట్టకముందే ఇక్కడ ఇంకో ప్రయోగం జరిగింది. దాని గురించి బయట చెప్పుకున్నది తక్కువ. పల్లెలకు ఎంబీబీఎస్ డాక్టర్లు రారని తేలాక, 2001లో రాష్ట్రం చట్టం చేసి మూడేళ్ల వైద్య కోర్సు మొదలుపెట్టింది. జగదల్‌పూర్, అంబికాపూర్, పెండ్రారోడ్‌లలో, ఆ తరువాత కాంకేర్ వంటి చోట్ల సంస్థలు వెలిశాయి. వైద్యుల సంఘం ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టులకెక్కింది, కోర్సు పేరు మారింది, విద్యార్థులు రోడ్డెక్కారు. చివరికి కొన్ని బ్యాచులతోనే ఆపేశారు. అయినా చదివి బయటికొచ్చినవాళ్లను గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. డాక్టర్లు, ఈ సహాయకులు, ఆయుష్ వైద్యులు, పారామెడికల్ సిబ్బంది పనితనాన్ని పోల్చిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు జబ్బుల వైద్యంలో మూడేళ్లు చదివినవాళ్లు ఎంబీబీఎస్‌లకు దాదాపు సమానంగా నిలిచారని అందులో తేలింది. మూతబడ్డ కోర్సుకు ఆ యోగ్యతాపత్రం కాస్త ఆలస్యంగా అందింది.

జగదల్‌పూర్ వార్డుల్లో విద్యార్థికి ఎదురయ్యే జబ్బులు మైదాన ప్రాంతపు జబ్బుల లాంటివి కావు. ఫాల్సిపారమ్ మలేరియా, కొడవలికణ రక్తహీనత, తీవ్ర పోషకాహార లోపం ఇక్కడ రోజువారీ పాఠాలు. మలేరియా క్రిములు ఒంట్లో ఉన్నా జ్వరం రానివాళ్లు అడవి పల్లెల్లో చాలామంది. అందుకే 2020 జనవరిలో మొదలైన మలేరియా విముక్త బస్తర్ కార్యక్రమంలో జ్వరం ఉందా లేదా అని చూడకుండా ఇంటింటికీ వెళ్లి అందరి రక్తమూ పరీక్షించారు. ఆ పనిలో ముందు నడిచింది మితానిన్లు అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తలు. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు నెచ్చెలి అని అర్థం. 2002లో మొదలైన మితానిన్ పథకం తరువాత దేశమంతటా ఆశా కార్యకర్తల వ్యవస్థకు నమూనా అయింది.

భాష ఇంకో చిక్కు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం హిందీలో ఎంబీబీఎస్ చదివే అవకాశం ప్రకటించింది. రోగి మాట్లాడేదేమో హల్బీ, గోండి, దోర్లీ. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు. కాకతీయుల వంశం వాడని చెప్పే అన్నమదేవుడు వరంగల్ నుంచి వచ్చి స్థాపించాడనే రాజ్యం ఇది; తెలుగు ఇక్కడ నిన్నమొన్నటిది కాదు.

పరిపాలన రాయపూర్‌దైనా, రోగం ముదిరితే దారి మారుతుంది. శబరి ఒడ్డున ఉన్న కోంటా, దాని చుట్టుపక్కల పల్లెల వాళ్లకు జగదల్‌పూర్ కంటే భద్రాచలమే దగ్గర. గర్భిణులూ మలేరియా రోగులూ అక్కడి ప్రభుత్వాసుపత్రికి వస్తుంటారు. అక్కడా కుదరకపోతే వరంగల్‌కు పోతారు.