శాసనమనే మాటకు రెండర్థాలు

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమిని దాటితే కోటిపల్లి. అక్కడినుండి మరికొంత దూరం సాగితే ద్రాక్షారామం. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో బడిపిల్లలను వెంటబెట్టుకొని ఈ దారిన వెళ్ళినపుడల్లా భీమేశ్వరాలయంలోని శాసనాల ముందు వారిని నిలబెట్టి, "ఇవేమిటో చెప్పండర్రా!" అని అడిగేవాడిని. "దేవుడి పాటలండీ" అని ఒకడు, "రాజుగారి పేర్లండీ" అని మరొకడు అనేవారు. "కాదర్రా, ఇవి లెక్కలు" అంటే ఒక పట్టాన నమ్మేవారు కాదు.

నిజానికవి లెక్కలే. వందల సంఖ్యలో ఉన్న ఆ శాసనాలలో అధికభాగం దానశాసనాలు. అఖండదీపానికి ఎవరు ఎన్ని గొర్రెలనో, ఆవులనో ఇచ్చారు, వాటిని ఎవరి వశం చేశారు, వశం చేసుకొన్నవాడు గుడికి ఎంత నెయ్యి పోయాలి అన్నది అందులోని విషయం. ఇచ్చినవాడి పేరూ, పుచ్చుకొన్నవాడి పేరూ, ఇద్దరి నడుమ ఒప్పందమూ రాతి మీదకెక్కాయి. తరువాతి తరంలో ఎవడైనా మాట తప్పితే, చదవగలిగినవాడు స్తంభం దగ్గరకు వెళ్ళి నిలదీయవచ్చును.

పూర్వమంతా స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ అక్షరాలను చదవగలిగినవారు ఎందరు? ఆ గుడిలో అడుగు పెట్టనిచ్చింది ఎందరిని? ఊరిలో సగంమందికి ఆ రాయి కూడా మూసిన దస్త్రమే. అయినా ఒక్క సూత్రం అందులో ఉన్నది. పదిమందికి సంబంధించిన లెక్క పదిమంది కళ్ళ ముందు ఉండాలి.

మన భాషలో శాసనమంటే రాతిమీది వ్రాత. శాసనమంటే చట్టం కూడా. శాసనసభ అన్న మాట ఆ రెండవ అర్థం నుండి వచ్చింది. ఈ రెండర్థాలూ చాలాకాలం వేరువేరు దారులు పట్టి, మళ్ళీ మన కాలంలో కలిశాయి. ఆ కలయిక కథే ఈ వ్యాసం.

రాతి మీదినుండి లెక్క కాగితం మీదకు, కాగితంనుండి గుడ్డమూటలోకి చేరింది. నా చిన్నతనంలో మా నాయనగారు అడంగల్ నకలు కోసం కరణంగారి అరుగుమీద పూటలకు పూటలు కూర్చోవడం నాకు గుర్తు. పొలం మాది, పన్ను కట్టేది మేము. పొలం ఎవరిదో చెప్పే కాగితం మాత్రం ఆయన మూటలో ఉండేది. దండం పెడితే మూట విప్పేవారు, లేకపోతే "రేపు రా" అనేవారు. ఒక మనిషి మంచిచెడ్డల సంగతి కాదిది. మూట విప్పడం ఆయన దయ, విప్పమనడం మా హక్కు కాదు. అసలు లోపం అక్కడ ఉన్నది. 1984లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మూట కార్యాలయాల బీరువాలలోకి మారింది. తాళంచెవి మాత్రం మా చేతికి రాలేదు.

ఆ తాళానికి చట్టబలం ఆంగ్లేయులు ఇచ్చినది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం స్వతంత్రం వచ్చిన తరువాత కూడా కొనసాగింది. 1975లో రాజ్‌నారాయణ్ కేసులో జస్టిస్ కె.కె.మాథ్యూ, పాలకులు ప్రజల తరఫున చేసే ప్రతి పనినీ తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నదని తీర్పులో వ్రాశారు. తీర్పు వచ్చింది గాని, దాన్ని పట్టుకొని ఏ బల్ల దగ్గరకు వెళ్ళాలో సామాన్యుడికి తెలియలేదు.

దారి చూపించినవారు రాజస్థాన్ కూలీలు. 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ దాని స్థాపకులలో ముఖ్యులు. కరవు పనులలో తమకు ముట్టని కూలి ఎవరికి ముట్టిందని అడిగితే, మస్టరు చూపించం, అది ప్రభుత్వ రహస్యమన్నారు. 1994 డిసెంబరు 2న కోట్ కిరానా గ్రామంలో మొదటి జన్ సున్వాయి జరిగింది. సంపాదించిన లెక్కలను జనం మధ్య పైకి చదివారు. పనికి రానివారి పేర్లూ, పూర్తి కాని కట్టడాలకు పూర్తయినట్టు చెల్లింపులూ బయటపడ్డాయి. చదువు రానివారికి కూడా ఆ లెక్క తెలిసింది. ద్రాక్షారామపు రాయి చేయలేకపోయిన పని అక్కడ ఒక గొంతు చేసింది.

1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో ధర్నా మొదలై 40 రోజులు సాగింది. అదే సంవత్సరం ప్రజల సమాచార హక్కు జాతీయ ఉద్యమం రూపుదిద్దుకొన్నది. కూలీలూ, పాత్రికేయులూ, న్యాయవాదులూ, కొందరు అధికారులూ కలిసి చట్టం ముసాయిదాకు పూనుకొన్నారు. జస్టిస్ పి.బి.సావంత్ అధ్యక్షతలోని ప్రెస్ కౌన్సిల్ దానికి తుదిరూపమిచ్చింది. చట్టం చేసేది చట్టసభలే గాని, దాన్ని మొదట వ్రాసుకొన్నది పౌరులు. చరిత్రలో నాకు అన్నింటికన్నా ముచ్చట గొలిపే ఘట్టం ఇది.

ఆ తరువాతి నడక నత్తనడక. 1997 నుండి తమిళనాడు, గోవా, రాజస్థాన్, కర్ణాటక, ఢిల్లీ, మహారాష్ట్ర మొదలైనవి తమ తమ చట్టాలు చేసుకొన్నాయి. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. కేంద్రంలో సమాచార స్వేచ్ఛ బిల్లును 2000లో ప్రవేశపెట్టినప్పుడు లోక్‌సభాపతి మన అమలాపురం సభ్యులు జి.ఎం.సి.బాలయోగిగారు. 2002 డిసెంబరులో అది గట్టెక్కేనాటికి ఆయన లేరు. ఆ ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. ఆ చట్టం కూడా పుట్టి పొత్తిళ్ళలోనే ఉండిపోయింది. అమలు తేదీని ఎన్నడూ ప్రకటించలేదు.

2004లో జాతీయ సలహా మండలి ద్వారా పౌరులు కొత్త ముసాయిదాను ప్రభుత్వానికి పంపారు. డిసెంబరులో బిల్లు వచ్చింది. తీరా చూస్తే అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే పరిమితం! సామాన్యుడికి ఢిల్లీ మంత్రిత్వశాఖతో ఏం పని? అతనికి కావలసినవి పంచాయతీ, రెవెన్యూ కార్యాలయం, రేషను దుకాణం, బడి. ఇవన్నీ రాష్ట్రాల పరిధిలోనివి. పౌరసంఘాలు పట్టు వదలక పోరాడినందువలన రాష్ట్రాలు కూడా అందులోకి వచ్చాయి. ఆ ఒక్క సవరణ జరగకపోతే, సొంత చట్టం లేని మన రాష్ట్రంలో పల్లెటూరివాడికి ఈ హక్కు ఎప్పుడు దక్కేదో! 2005 అక్టోబరు 12న చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. మన రాష్ట్రం నిర్ణయించిన దరఖాస్తు రుసుము చూడండి: గ్రామస్థాయిలో ఏమీ లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

తెలుగునేల ఆలస్యంగా కదిలినా ఒక విషయంలో ముందు నడిచింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు ఆరంభమయ్యాయి. ఇంటింటికీ తిరిగి మస్టరును సరిచూడడం, తేలినదాన్ని గ్రామసభలో పైకి చదవడం, పిమ్మట మండలంలో ప్రజావేదిక నిర్వహించడం వాటి పద్ధతి. కోట్ కిరానాలో కూలీలు తెగించి చేసిన పని ఇక్కడ ప్రభుత్వ విధానమయింది.

నా సంగతి కూడా చెప్పాలి. పదవీవిరమణకు కొన్నేళ్ళ ముందు నా సర్వీసు రిజిస్టరులో మూడేళ్ళ నమోదు కనబడలేదు. ఒక కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగినా "పాత దస్త్రాలండీ, దొరకవు" అన్నారు. ఇంటికి వచ్చి, పిల్లలకు లేఖారచన నేర్పిన చేతితోనే ఒక పేజీ దరఖాస్తు వ్రాసి, 10 రూపాయలు జతచేసి పంపాను. గడువు 30 రోజులు. ఇరవై ఏడవనాడు నకళ్ళు వచ్చాయి. దొరకని దస్త్రం దొరికింది! ఆలస్యానికి రోజుకు 250 రూపాయల వంతున 25,000 దాకా జరిమానా పడగలదన్న నిబంధన మహిమ అయి ఉండవచ్చును. ఆ కవరు చేతిలో పట్టుకొన్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది మాత్రం కరణంగారి అరుగుమీద తలపాగా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మా నాయనగారు.

2019 సవరణతో సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతభత్యాలు కేంద్రం నిర్ణయించేవయ్యాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత వివరాలను నిరాకరించే నిబంధనను మరింత విశాలం చేసింది. మస్టరులో ఉన్నదీ మనుషుల పేర్లే కదా! పేరు వ్యక్తిగతమని మూసివేస్తే దొంగపేరును పట్టుకొనేది ఎలాగు?

చట్టంలోని నాలుగవ సెక్షన్ ఒకటి ఉన్నది. ఎవరూ అడగకుండానే ప్రతి కార్యాలయం తన విధులు, నియమాలు, ఖర్చులు మొదలైన 17 అంశాలను తానే ప్రకటించాలని అది చెబుతుంది. ద్రాక్షారామపు స్తంభం చేసిన పని అదే. మిత్రులారా, ఈసారి మీ పంచాయతీ కార్యాలయం వైపు వెళ్ళినపుడు ఆ వివరాలు ఎక్కడ ఉన్నాయో ఒకసారి వెదకండి. కనబడకపోతే అడగండి. గ్రామస్థాయిలో అడగడానికి రుసుము కూడా లేదు.